బూడిద గీత చెరిగేదాకా

ఢాకా,
14 ఫిబ్రవరి 2003

మావయ్యా,

నువ్వు బాగానే ఉంటావు, నీకేం. నేనే ఇక్కడ మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చున్నా. ఫోన్ చేద్దామంటే నీకు ఎడం చెవి వినపడదు, కుడి చెవితో విన్నదాంట్లో సగం నీ ఇష్టమొచ్చినట్టు మార్చేసి అమ్మకి చెప్తావు. అందుకే ఉత్తరం.

వచ్చి ఆరు రోజులైంది. ఆడింది మూడు మ్యాచ్‌లు, కూర్చుని విన్న ఉపన్యాసాలు తొమ్మిది. ఎవరు మైకు పట్టుకున్నా ఇది కబడ్డీ కాదు, రెండు దేశాల స్నేహం అంటారు. కబడ్డీ కాకపోతే మమ్మల్నెందుకు పిలిచారో! మ్యాచ్‌కి ముందు ఒక్కొక్కళ్ళకీ ఒక పూలగుత్తి ఇచ్చి ఎదుటి జట్టు పిల్ల చేతిలో పెట్టమంటారు. ఆ పిల్ల తన గుత్తి మన చేతిలో పెడుతుంది. ఆ తరవాత రెండు గుత్తులూ ఎక్కడ పెట్టాలో తెలీక ఇద్దరం దిక్కులు చూస్తాం.

అలా నా ఎదురుగా నిలబడిన పిల్ల పేరు రొకేయా. వాళ్ళ జట్టులో కూతకొచ్చేవాళ్ళలో అదే గట్టిది. సన్నగా ఉంటుంది, చెయ్యి మాత్రం గజం పొడుగు. వాళ్ళ ఊరు కూడా మనలాగే కాలవల మధ్యేనట. మనం చెడుగుడు అంటే వాళ్ళు హాడుడు అంటారు. హిందీ సినిమాల్లో విన్న మాటలు నాలుగు దానికొచ్చు, నాలుగు నాకొచ్చు, వాటితోనే లాక్కొస్తున్నాం. నిన్న భోజనాల దగ్గర చేప వడ్డించారు. ముక్క నోట్లో పెట్టగానే తెలిసిపోయింది, మన పులస! ఆ ముళ్ళు కూడా అవే. ఇది పులస అని నేను, కాదు ఇలిష్ అని అది, కాసేపు దెబ్బలాడుకున్నాం.

రేపు వాళ్ళతోనే ఫైనల్. ఈ కప్పు తెస్తే నా టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు చేస్తామని విశాఖలో మా ఆఫీసువాళ్ళు చెప్పి పంపించారు. అమ్మకి మాత్రం చెప్పకు. ఆశ పెట్టేసుకుంటుంది.

అత్తని అడిగానని చెప్పు.

కాళ్ళు లాగుతూ,
నీ మేనకోడలు నాగదుర్గ


కడియం,
23 ఫిబ్రవరి 2003

ఏమే నాగదుర్గా,

నీ ఉత్తరమూ, పేపర్లో వార్తా ఒకే రోజున నా కంటపడి చచ్చాయి. ముందు మంగలి షాపులో పాత పేపరు చూశాను. మూలన నాలుగంటే నాలుగు లైన్లు. "చివరి నిమిషంలో నాగదుర్గ చేసిన పొరపాటు కారణంగా భారత జట్టు ఓటమి." నా గెడ్డం సగం గీసి ఉంది. ఆ సగం గెడ్డంతోనే లేచొచ్చేశాను.

ఏం పొరపాటు చేశావే తల్లీ? తొందరపడి కాలు ముందుకేశావా? కార్నర్లో ఉన్నవాళ్ళు కంగారు పడకూడదని నీకు పదేళ్ళప్పట్నించీ మొత్తుకుంటున్నా కదా. ఎదుటిది గజం పొడుగు చెయ్యని నువ్వే రాశావు. అలాంటప్పుడు అరడుగు వెనక్కి నిలబడాలా వద్దా? ఆఖరి కూతలో పట్టుకోబోయి గీత తొక్కావేమోనని రెండు రోజుల్నించి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఇక్కడ నర్సరీలో మామిడి అంట్లు కట్టేటప్పుడు ఇంకో చెట్టు కొమ్మ తెచ్చి కట్టేశానట, మేస్త్రీ అరిచాడు.

ఇంకో సంగతి. ఉద్యోగం మాట మీ అమ్మకి చెప్పొద్దన్నావు. ఏం చెయ్యను, నోరు ఊరుకోక చెప్పేశాను. కప్పు పోయిందని తెలిశాక మీ అమ్మ పాపాయి ఒక్క మాట కూడా అనలేదు. సంచుల్లో మట్టి నింపుకుంటూ కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఏదైనా అంటే బాగుండును, అలా ఊరుకుంటే నాకు ఊపిరాడదు.

ఉద్యోగం ఉంటుందా పోతుందా, అది రాయి ముందు.

మావయ్య,
అప్పాజీ


విశాఖపట్నం,
6 మార్చి 2003

మావయ్యా,

పొరపాటు అని పేపరువాడు రాశాడు, వాడికేం తెలుసు. నువ్వు కూడా ఆ మాటే పట్టుకున్నావు చూడు, అదే నాకు కష్టంగా ఉంది.

జరిగింది చెప్తా విను. మనం ఒక్క పాయింటు ముందున్నాం. టైమైపోవస్తోంది. ఆఖరి కూతకి రొకేయా వచ్చింది. నేను కుడి కార్నర్లో, నువ్వు చెప్పినట్టు అరడుగు వెనక్కే ఉన్నా. అది వంగి చెయ్యి విసిరి గిరుక్కున వెనక్కి తిరిగింది. దాని గోరు నా మడమకి తగిలింది. గీసుకోలేదు, తగిలిందంతే. రిఫరీ అవతలి వైపున్నాడు, ఆయనకి నా కాలు కనపడదు. విజిల్ వేశారు. మనవాళ్ళు ఎగురుతున్నారు. అప్పటికే నా చెయ్యి పైన ఉంది.

ఎత్తుదామనుకుని ఎత్తలేదు మావయ్యా. దానంతటదే లేచింది. నర్సరీ వెనక దిబ్బ మీద మా ఆడపిల్లలందర్నీ ఎన్నేళ్ళు ఆడించావు! అంపైరు లేడు, విజిలు లేదు. రైసు మిల్లు నుంచి తట్టతో ఊక బూడిద తెచ్చి నువ్వే గీత గీసేవాడివి. తగిలినవాళ్ళే చెయ్యెత్తి బయటికి పోవాలి, అదీ నీ రూలు. ఆ క్షణంలో ఎత్తకపోయినా, ఆ బూడిద గీత చెరిగేదాకా ఎప్పుడొచ్చి ఎత్తినా అవతలివాళ్ళకి పాయింటు వేసేవాడివి. అలా పెరిగిన చెయ్యి ఇది. ఇప్పుడు దీనికి కొత్తగా నేర్పడం నావల్ల కాదు.

పాయింట్లు సమమైపోయాయి. అదనపు టైములో రెండు పాయింట్లతో ఓడిపోయాం. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మన బెంచీ మీద ఒక్కళ్ళూ కొట్టలేదు. బస్సులో మేనేజరు గారు "ఇదేమన్నా మీ ఊరి తీర్థంలో ఆటనుకున్నావా" అన్నారు. కోచ్ మేడమ్ ఆ మాత్రం కూడా అనలేదు. నాకు ఆవిడంటేనే భయంగా ఉంది. ఆఫీసులో ఉద్యోగం సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

నేను చేసింది పొరపాటేనంటావా? ఒక్క ముక్క రాయి. ఎవరేమనుకున్నా నాకు నువ్వు చెప్పింది చాలు.

నాగదుర్గ


కడియం,
25 మార్చి 2003

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి అంట్లు కట్టే షెడ్డులో అలా కూలబడిపోయాను. మీ అత్త దేవకుమారి వచ్చి ఎవరు పోయారండీ అంది.

తరవాత జరిగిన భాగోతం నీకు తెలిసే ఉంటుంది. చెయ్యెత్తి నిలబడిన నీ ఫోటో ఢాకా పేపర్లో వేశారట. ఢిల్లీలో ఎవరో పెద్దాయన దాన్ని చూసి, ఇలాంటి పిల్లలే మన దేశానికి నిజమైన రాయబారులు అన్నాడట. అంతే, ఇక్కడి పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. మొన్న నాలుగు లైన్లలో పొరపాటు అని రాసినవాడే ఇవాళ సగం పేజీలో స్నేహదూత అని రాశాడు. కడియం సెంటర్లో షామియానా వేసి సన్మానం పెట్టారు. నువ్వు లేవు కాబట్టి నీ బదులు శాలువా నాకు కప్పారు. ఏదో మాట్లాడమని మైకిచ్చారు. నాకు వెక్కిళ్ళొచ్చేశాయి. అవి పట్టించుకోకుండా నీ బూడిద గీత సంగతంతా చెప్పేశాను. జనం ఒకటే చప్పట్లు! ఉద్యోగం కూడా పర్మనెంటు అయిపోయినట్టేనని చెప్పేశాను. ఇంత పేరొచ్చాక ఇవ్వకుండా ఎక్కడికి పోతారు?

మీ అమ్మ కూడా వచ్చి ఆఖర్న నిలబడింది. చేతుల మట్టి కడుక్కుని వచ్చింది, నేను చూశాను.

పొరపాటా అని అడిగావు కదా. శాలువా కప్పారంటే పొరపాటెందుకవుతుందే పిచ్చిమొహమా!

మావయ్య


విశాఖపట్నం,
30 ఏప్రిల్ 2003

మావయ్యా,

శాలువా కప్పకపోతే పొరపాటయ్యేదా?

నేనడిగింది నిన్ను. నువ్వేమో షామియానా వాళ్ళ మాట నాకు రాసి పంపావు. నీ ఉత్తరం మూడుసార్లు వెతికాను, నువ్వేమనుకుంటున్నావో ఒక్క లైనైనా ఉంటుందేమోనని. లేదు.

ఇక్కడి సంగతులు విను. వేసవి క్యాంపు లిస్టు వచ్చింది. అందులో నా పేరు లేదు. కోచ్ మేడమ్‌ని అడిగితే "నీకు చాలా పేరొచ్చింది కదమ్మా, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అంది నవ్వుతూ. పేరొచ్చింది నిజమే. ఏ దేశం నుంచి బృందం వచ్చినా పట్టుచీర కట్టించి పూలగుత్తి ఇవ్వడానికి నన్ను పిలుస్తున్నారు. జట్టులో చోటు లేదు గానీ జెండా మొయ్యడానికి ఉంది. పోయిన వారం ఒకాయన నా చెయ్యి రెండు దేశాల మధ్య వంతెన అన్నాడు. ఆయన పక్కన మా కోచ్ మేడమ్ చప్పట్లు కొడుతోంది. ఢాకాలో కొట్టని చప్పట్లు.

ఆఫీసులో పర్మనెంటు చెయ్యలేదు. ఇంకో ఐదు నెలలు టెంపరరీ పొడిగించారు. జట్టులో ఆడితేనే పర్మనెంటు, మైకుల ముందు నిలబడితే కాదట. నువ్వు ఊరందరి ముందూ అయిపోయిందని చెప్పేశావు. ఇప్పుడు నేనక్కడికొచ్చి ఏ మొహం చూపించను?

నేను ఆడాలి మావయ్యా. నాకు ఇరవై మూడొచ్చాయి, ఈ మోకాళ్ళు ఇంకో రెండేళ్ళొస్తే ఎక్కువ. నాకు వంతెనలొద్దు. అందరూ నా చెయ్యి పట్టుకుని వేదికలెక్కుతున్నారు. నువ్వు కూడా ఎక్కావు.

నాగదుర్గ


కడియం,
1 జూన్ 2003

నాగదుర్గకి,

నెల రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నేను వేదికెక్కింది నిజమే. నాకు యాభై ఆరేళ్ళు. ఈ యాభై ఆరేళ్ళలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అప్పాజీ గారూ అన్నది అదొక్క రోజే. పొంగిపోయాను. అది నీ చెయ్యి అని గుర్తు లేకపోయింది. తప్పే.

రోహిణి కార్తె ఎండలు చంపేస్తున్నాయి. ఆ శాలువా తీసుకెళ్ళి మాడిపోతున్న గులాబీ అంట్ల మీద కప్పాను. అవైనా బతికాయి.

ఉద్యోగం రాలేదని మీ అమ్మకి చెప్పాను. సరేలే అంది. మర్నాడు మామూలుగానే పనికొచ్చింది. మోచేతుల దాకా మట్టి. దాని వేళ్ళు ఇప్పుడు ఎంత చాపినా పూర్తిగా తెరుచుకోవడం లేదే అమ్మడూ. నీకు చెప్పొద్దంది. ఏది చెప్పొద్దంటే అదే చెప్పేస్తానని నీకు తెలుసుగా.

మావయ్య


విశాఖపట్నం,
14 ఆగస్టు 2003

మావయ్యా,

అంత మాట రాసి ఉండాల్సింది కాదు నేను. నీ ఉత్తరానికి జవాబు రాద్దామని కూర్చోవడం, ఆ చివరి నాలుగు లైన్లు చదవడం, లేచిపోవడం. ఇలాగే రెండు నెలలు గడిచిపోయాయి.

ఇప్పుడొక సంగతొచ్చింది. రొకేయా వాళ్ళ జట్టు సెప్టెంబరు మొదట్లో కలకత్తా వస్తోంది. మళ్ళీ స్నేహ కప్పు. ఆ చెయ్యెత్తిన పిల్ల ఆడాల్సిందేనని వాళ్ళే అడిగారట. అందుకని నన్ను జట్టులోకి తీసుకున్నారు. అంతేగానీ మా కోచ్ మేడమ్ మనసు మారిపోయి కాదు. ఆవిడ మొదటి రోజే అందరి ముందూ అంది. "నాగదుర్గా, నిన్ను ఆడమని పిలిచాను. న్యాయం చెప్పమని కాదు. ఈసారి నీ చెయ్యి కిందే ఉండాలి. చూడటానికి రిఫరీ ఉన్నాడు." తరవాత పక్కకి పిలిచి ఇంకో మాట అంది. ఈ కప్పొస్తే మా ఆఫీసుకి ఆవిడే సిఫారసు రాస్తుందట. రాకపోతే వచ్చే నెలాఖరుతో నా టెంపరరీ ఉద్యోగం కూడా ఆఖరే.

నేనేం చెయ్యను మావయ్యా? అమ్మ వేళ్ళ గురించి నువ్వు రాశావు కదా, అప్పట్నించీ నా చెయ్యి చూసుకుంటే అవే గుర్తొస్తున్నాయి. అలసటగా ఉంది. ఆడి కాదు, ఆలోచించి. నువ్వే చెప్పు. ఎత్తమంటే ఎత్తుతా, వద్దంటే మానేస్తా. ఈసారి శాలువాలూ గీలువాలూ వద్దు, నీ సొంత మాట కావాలి.

రొకేయాకి ఏదైనా పట్టుకెళ్ళాలి. పులస పట్టుకెళ్దామంటే కలకత్తా చేరేలోపు కంపు కొడుతుంది. ఆత్రేయపురం పూతరేకులు పంపగలవా?

నాగదుర్గ


కడియం,
28 ఆగస్టు 2003

అమ్మడూ,

పుష్కరాల జనం వెళ్ళి పదిహేను రోజులైనా ఇక్కడ పోస్టు ఇంకా కుదుటపడలేదు. నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. జవాబు పోస్టులో వేస్తే నీకందదని మన బుల్లిరాజు లారీలో పంపుతున్నాను. కొబ్బరి మొక్కలూ, క్రోటన్లూ వేసుకుని కలకత్తా పోతున్నాడు. నాలుగు రోజుల్లో చేరతానన్నాడు. మీరు దిగే హాస్టలు అడ్రసు రాసిచ్చాను. పూతరేకులు రెండు డబ్బాలు, ఒకటి నీకు, ఒకటి ఆ పిల్లకి. మీ అత్త వాటి మీద గుడ్డ కట్టి, దారం కుట్టి, మళ్ళీ గుడ్డ కట్టింది. విప్పడానికి మీకు ఒక పూట పడుతుంది.

నా సొంత మాట కావాలన్నావు. రాత్రంతా కూర్చున్నాను. నలభై ఏళ్ళు పిల్లల్ని చెయ్యెత్తమని చెప్పిన నోరు ఇది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నా.

ఈసారి ఎత్తకు.

నువ్వు ఢాకాలో చేసింది పొరపాటు కాదు. అది అప్పుడే రాయాల్సింది, రాయలేదు. కానీ ఒక్కసారి చాలు. మీ అమ్మని చూస్తున్నాను, నేను కూడా అలిసిపోయానే. మంచిదనిపించుకున్న చేతికి అన్నం పెట్టేవాడు ఎవడూ కనపడలేదు. మావయ్య ఎత్తొద్దన్నాడని ఎత్తకు. ఆ పాపమేదో నా మీద వేసెయ్. నేను మోస్తాను.

అప్పాజీ


కలకత్తా,
9 సెప్టెంబరు 2003

మావయ్యా,

ఫైనల్ ఐదో తారీఖున అయిపోయింది. నీ లారీ నిన్న వచ్చింది. ఒరిస్సాలో మహానది వరదకి రోడ్డు తెగిపోయి వారం రోజులు ఆగిపోయారట. బుల్లిరాజు గెడ్డం పెరిగిపోయి సన్యాసిలా ఉన్నాడు. పూతరేకులు పొడైపోయాయి. రొకేయా వాళ్ళు ఆరో తారీఖునే వెళ్ళిపోయారు. అదే వరదకి రైళ్ళు ఆగి మేమింకా ఇక్కడే ఉన్నాం.

కప్పు గెలిచాం. ఒక్క పాయింటుతో.

రోజూ హాస్టలు గేటు దగ్గరికెళ్ళి నీ ఉత్తరం వచ్చిందా అని అడిగాను. రాలేదు. రాకపోతే ఏంలే, మావయ్య ఏం చెప్తాడో నాకు తెలీదా అనుకున్నాను. ఎత్తమనే చెప్తాడు. కోర్టులోకి దిగినప్పుడు కూడా అదే అనుకుని దిగాను.

మళ్ళీ అదే ఆఖరి కూత. మళ్ళీ రొకేయానే. నేను ఒంగి తప్పించుకున్నాననుకున్నా. నా జెర్సీ వెనక అంచు లాగినట్టయింది, మళ్ళీ వదిలేసినట్టయింది. బట్ట తగిలినా తగిలినట్టే. నాకు తెలుసు. రిఫరీ చూడలేదు. విజిల్ వేశారు. చెయ్యి లేవబోయింది మావయ్యా. నేను దాన్ని ఎడం చేత్తో గట్టిగా పట్టుకున్నాను. మనవాళ్ళు వచ్చి నా మీద పడిపోయారు. రొకేయా గీత దగ్గరే చాలాసేపు నిలబడి ఉంది. ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాను.

ఆ తరవాత జరిగింది నువ్వు నమ్మవు. బహుమతుల సభలో ఢాకాలో నేను చేసిందాని గురించి ఒకాయన పావుగంట మాట్లాడాడు. నన్నూ రొకేయానీ వేదిక మీదికి పిలిచాడు. నా కుడిచెయ్యి తను పట్టుకుని, ఫోటోల కోసం, తనే పైకెత్తాడు. నా పక్కన రొకేయా. జనం చప్పట్లు. ఆ చెయ్యి నరికేసుకోవాలనిపించింది.

కోచ్ మేడమ్ సిఫారసు రాసేసింది. ఉద్యోగం పర్మనెంటు. ఈ మాట అమ్మకి నువ్వే చెప్పు, చెప్పకుండా ఉండలేవు కదా.

నిన్న నీ ఉత్తరం విప్పాను. ఎత్తకు అని రాశావు. వినకుండానే నీ మాట విన్నదాన్నయ్యాను. నాకు ఉపశమనంగా ఉండాలి కదా? లేదు. నేను చేసిందానికి కోప్పడేవాడు ఈ లోకంలో ఒక్కడున్నాడనుకున్నాను మావయ్యా. వాడు కూడా సరేలే అనేశాడు. అదొక్కటే నాకు ఏడుపొస్తోంది.

నాగదుర్గ


కడియం,
4 అక్టోబరు 2003

ఏమే,

కోప్పడేవాడు కావాలన్నావుగా, ఇదుగో కోప్పడుతున్నా. బుద్ధుందా నీకు? మడమకి తగిలితే లేచిన చెయ్యి జెర్సీకి తగిలితే లేవదా? అవతలి పిల్ల కూడా ఎవరో ఒకరి మట్టి పని మీద పెరిగిన పిల్లే కదా. దాని పాయింటు నీ దగ్గరెందుకుంది?

ఇంత కోప్పడ్డాక ఇప్పుడు నన్ను నేను తిట్టుకోవాలి. నీ బరువు నేను మోస్తానని రాశాను. వెర్రివాణ్ణి, చెయ్యి నీది అని నువ్వు ఏప్రిల్లోనే రాశావు. నేను మోస్తే తీరే బరువు కాదు అది.

మీ అమ్మకి అంతా చదివి వినిపించాను, నా ఉత్తరంలో ఉన్నది కూడా. సంచి కింద పెట్టి అప్పుడు నోరు విప్పింది. "నా చేతులు నేను చూసుకుంటానన్నయ్యా. వాటిని దాని ఉత్తరాల్లోకి ఎందుకు లాగావు? దాని చెయ్యి దానిష్టం" అంది. ఇన్నేళ్ళలో నన్ను తిట్టడం అదే మొదలు. బాగానే తగిలింది.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకటి జరిగింది, గుర్తుందా? సాయంత్రం ఆటలో నీకన్నా పెద్దపిల్ల ప్రసన్నకుమారి చెయ్యి నీ జడ రిబ్బనుకి తగిలింది. నువ్వు ఎత్తలేదు, మీ జట్టు గెలిచింది. మర్నాడు పొద్దున్నే స్కూలు సంచి భుజాన వేసుకుని దిబ్బ మీదికొచ్చావు. ఒక్క పురుగు లేదు అక్కడ. గీత దగ్గర చెయ్యెత్తి నిలబడ్డావు. నేను షెడ్డులోంచి చూసేదాకా దింపలేదు. పాయింటు అవతల వేశాక స్కూలుకి పరిగెత్తావు.

ఇక్కడ వానలకి బూడిద గీత ఎప్పుడో కొట్టుకుపోయింది. కలకత్తా కోర్టులో గీతలు దేంతో గీస్తారే? పెయింటుతోనేనా? పెయింటైతే చెరగదుగా. అయితే నీకు ఇంకా టైముంది.

ఉద్యోగం పోదని నేను చెప్పలేను. ఈసారి ఎత్తమనీ చెప్పను, ఎత్తొద్దనీ చెప్పను.

మావయ్య


విశాఖపట్నం,
20 డిసెంబరు 2003

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చిన వారానికి రెండు కాగితాలు రాశాను. ఒకటి కబడ్డీ సంఘానికి. ఐదో తారీఖు ఆఖరి కూతలో నాకు తగిలింది, నేను చెప్పలేదు అని రెండు లైన్లు. రెండోది రొకేయాకి. ఆఫీసులో రామతులసి గారని ఒకావిడ ఉంది, ఇంగ్లీషు ఆవిడే సరిచేసి పెట్టింది. సరిచేస్తూ ఒకసారి నా మొహంలోకి చూసి, "నిజంగా పంపుతున్నావా?" అంది. పంపించాను.

సంఘం నుంచి జవాబు రాలేదు. కోచ్ మేడమ్ ఫోన్ చేసింది. "ఆ కాగితం నేను చూడలేదు, నువ్వు రాయలేదు" అని పెట్టేసింది. నెల తిరక్కుండా కొత్త క్యాంపు లిస్టు వచ్చింది. ఇంక అందులో నా పేరు ఎప్పటికీ ఉండదు. పూలగుత్తులివ్వడానికి కూడా పిలవడం లేదు. ఆఫీసువాళ్ళు ఆర్డరు వెనక్కి తీసుకోలేదు గానీ, ఆటలవాళ్ళకిచ్చే ఒక పూట సెలవు తీసేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఫైళ్ళే. నా ఆట అయిపోయినట్టే మావయ్యా. బెంగగా ఉంది, లేదని అబద్ధం చెప్పను. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు వాటంతటవే గ్రౌండు వైపు లాగుతాయి.

నిన్న రొకేయా జవాబొచ్చింది. వాళ్ళ ఊరి మాస్టారి చేత రాయించింది. ఉన్నది ఉన్నట్టు నీకు తెలుగులో రాస్తున్నా.

"ఢాకాలో నా గోరు నీకు తగిలిందని నాకు తెలీదు. నువ్వు చెయ్యెత్తాకే తెలిసింది. కలకత్తాలో మాత్రం నాకు తెలుసు. నీ చొక్కా అంచు నా వేళ్ళలోంచి జారింది. రిఫరీని అడగమని మా వాళ్ళు అరిచారు. నేను అడగలేదు. గీత దగ్గర నిలబడి నీ చెయ్యి వంకే చూశాను. ఇప్పుడెత్తుతుంది, ఇప్పుడెత్తుతుంది అనుకున్నాను. మా కోచ్ వచ్చి లాక్కెళ్ళేదాకా చూశాను. వేదిక మీద ఆయన నీ చెయ్యి ఎత్తినప్పుడు తల తిప్పేసుకున్నాను. ఎందుకంటే అది నువ్వు ఎత్తింది కాదు. ఇప్పుడు ఎత్తావు. ఇక్కడికి కనపడింది. ఆ పాయింటు మేం వేసుకున్నాం."

ఆఫీసులో ఫైలు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. రామతులసి గారు కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

వచ్చే ఆదివారం రత్నాచల్ రైలుకి వస్తున్నా. అమ్మకి మాత్రం నువ్వు చెప్పకు, నేనే వెళ్ళి వెనకనుంచి కళ్ళు మూస్తా. వానలు లేవు కదా, మిల్లుకెళ్ళి తట్టెడు బూడిద తెచ్చి గీత గీసి ఉంచు. ప్రసన్నకుమారి పిల్లలు కూడా ఇప్పుడు ఆడుతున్నారటగా, వాళ్ళని రమ్మను. మోకాళ్ళ సంగతి తరవాత చూసుకుందాం.

నీ
నాగదుర్గ